మర్రిచెట్టా, గుడిసెనా: లోహియా చేసిన తగవు

1967 ఎన్నికల్లో ఓటు వేసిన మన పెద్దవాళ్లకు మర్రిచెట్టు, గుడిసె గుర్తులు జ్ఞాపకం ఉండే ఉంటాయి. రెండూ సోషలిస్టులవే. అసలు సోషలిస్టు పార్టీ ఏది అన్న తగవు అప్పటికే పన్నెండేళ్లుగా నడుస్తోంది. ఆ తగవుకు కేంద్రం డాక్టర్ రామ్ మనోహర్ లోహియా.

ఆయన 1910 మార్చి 23న అక్బర్‌పూర్‌లో పుట్టారు. అదే తేదీన 1931లో భగత్ సింగ్‌ను ఉరితీశారు కాబట్టి పుట్టినరోజు జరుపుకునేవారు కాదు. బెర్లిన్‌లో డాక్టరేట్ చేసి వచ్చి, 1934లో కాంగ్రెస్ లోపలే కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ పెట్టినవాళ్లలో ఒకరయ్యారు. క్విట్ ఇండియా రోజుల్లో అజ్ఞాతవాసం, ఆపైన లాహోర్ కోటలో చిత్రహింసలు. 1946లో విడుదలై రెండు నెలలకే గోవాలో పోర్చుగీసు పాలనకు ఎదురు నిలిచారు. 1948లో సోషలిస్టులు కాంగ్రెస్‌ను వదిలేశారు. కర్ణాటకలోని మనవాళ్లకు కాగోడు పేరు కొత్త కాదు. శివమొగ్గ జిల్లాలో కౌలు రైతుల సత్యాగ్రహానికి 1951లో వచ్చి ఆయన అరెస్టయ్యారు.

మొదటి సార్వత్రిక ఎన్నికల్లో చెట్టు గుర్తు మీద పోటీచేసిన సోషలిస్టులు బాగా దెబ్బతిన్నారు. 1952లోనే గుడిసె గుర్తున్న కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీతో కలిశారు. మన ప్రకాశం పంతులుగారు అందులోని నాయకులే. అలా ప్రజా సోషలిస్టు పార్టీ పుట్టింది. గుడిసె మిగిలింది, చెట్టు పోయింది.

అసలు పరీక్ష 1954లో వచ్చింది. తిరువాంకూరు-కొచ్చిలో ఆ పార్టీకే చెందిన పట్టం థాను పిళ్లై ముఖ్యమంత్రి. దక్షిణ తాలూకాల తమిళులు తమను మద్రాసు రాష్ట్రంలో కలపమని ఆందోళన చేస్తుంటే ఆగస్టులో పోలీసులు కాల్చారు. మనుషులు చనిపోయారు. ఇంకో భాషవాళ్ల రాష్ట్రంలో బతుకుతున్న మనకు ఆ సంగతి బరువు వేరే చెప్పక్కర్లేదు. లోహియా అప్పుడు పార్టీ ప్రధాన కార్యదర్శి, పైగా ఉత్తరప్రదేశ్ జైల్లో ఉన్నారు. అక్కడినుంచే తమ ప్రభుత్వాన్ని రాజీనామా చేయమన్నారు. కాంగ్రెస్ ప్రభుత్వం కాల్పులు జరిపిస్తే తప్పు, మనం జరిపిస్తే ఒప్పు ఎలా అవుతుందన్నది ఆయన వాదన. పార్టీ ఒప్పుకోలేదు. ఆయన పదవి వదులుకున్నారు. మరుసటి ఏడు పార్టీ ఆయన్ను సస్పెండ్ చేసింది.

1955 చివర హైదరాబాద్‌లో, పాత పేరుతోనే, సోషలిస్టు పార్టీ మళ్లీ మొదలైంది. మ్యాన్‌కైండ్ పత్రిక కూడా హైదరాబాద్ నుంచే వచ్చింది. పేరు, గుర్తు, ఆఫీసు, ఎక్కువమంది నాయకులు అవతలివాళ్ల దగ్గరున్నా, 1934 నాటి వారసత్వం తమదేనని లోహియా పక్షం నమ్మింది. ఈ చీలిక ఖరీదు మాత్రం చిన్నది కాదు. 1957లో ఆయనే ఓడిపోయారు. 1962లో ఫూల్‌పూర్‌లో నెహ్రూ మీద ఓడి, 1963 ఉపఎన్నికలో ఫరూఖాబాద్ నుంచి లోక్‌సభకు వెళ్లారు.

1964లో రెండు పార్టీలు కలిసి సంయుక్త సోషలిస్టు పార్టీ అయ్యాయి. ఏడాది తిరక్కుండానే ఒక వర్గం విడిపోయి గుడిసెను మళ్లీ తీసుకుంది. 1967లో మర్రిచెట్టుకు 23 లోక్‌సభ స్థానాలు, గుడిసెకు 13. ఆ ఏడే కాంగ్రెస్‌ను దించడానికి జనసంఘ్‌తో కూడా కలిసి ప్రభుత్వాలు కట్టారు. కాల్పుల విషయంలో అంత పట్టుబట్టిన మనిషి ఇక్కడ ఎందుకు మెత్తబడ్డారో మాకు పూర్తిగా మింగుడుపడదు. ఆ పొత్తులు ఎటు పోతాయో చూడటానికి ఆయనకు సమయం లేకపోయింది. ఆపరేషన్ తర్వాత 1967 అక్టోబరు 12న ఢిల్లీలోని విల్లింగ్డన్ ఆసుపత్రిలో కన్నుమూశారు. ఇప్పుడు ఆ ఆసుపత్రికి ఆయన పేరే.

1971లో మర్రిచెట్టు, గుడిసె మళ్లీ ఒక్కటయ్యాయి, మళ్లీ విడిపోయాయి. మిగిలిన సోషలిస్టు పార్టీ 1977లో జనతా పార్టీలో కలిసిపోయింది.