గిడుగు వేంకట రామమూర్తి – సవర బడి

ఏటా ఆగస్టు 29వ తేదీని తెలుగువారు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటారు. అది గిడుగు వేంకట రామమూర్తి జన్మదినం. గ్రాంథిక భాషావాదులతో ఆయన సాగించిన సుదీర్ఘ వాదప్రతివాదాలను గురించి వినని తెలుగు విద్యార్థి అరుదు. ఆ వాదాలకు ఎంతో ముందే, తెలుగుతో చుట్టరికమే లేని ఒక కొండభాషలో పసిపిల్లలకు అక్షరాలు నేర్పించడానికి ఆయన పడిన శ్రమ మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. నిజానికి ఆ రెండు కృషులూ ఒకే వేరు నుండి మొలిచినవి.

రామమూర్తి 1863లో శ్రీముఖలింగ క్షేత్రానికి చేరువగా, వంశధారా తీరాన ఉన్న పర్వతాలపేటలో జన్మించారు. తల్లిదండ్రులు వేంకమ్మ, వీర్రాజు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. 1875లో తండ్రి జ్వరంతో మరణించగా, పన్నెండేళ్ల బాలుడు విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజావారి పాఠశాలలో చదువుకొన్నారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయన సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ పూర్తి అయింది. కుటుంబ భారం మీద పడటంతో మరుసటి ఏడే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరారు. పై పరీక్షలన్నీ ఉద్యోగం చేస్తూనే ఉత్తీర్ణులయ్యారు. శ్రీముఖలింగ ఆలయంలోని ప్రాచీన శాసనాల లిపిని గురువు లేకుండా తనంత తానే సాధించారు. తెలియని అక్షరాల ఎదుట కూర్చున్నవాని అవస్థ ఎట్టిదో ఆయనకు ఆ విధంగా స్వానుభవమే.

పర్లాకిమిడి కొండల పాదాన ఉన్న పట్టణం. ఆ కొండల మీద సవరలు నివసిస్తారు. వారి భాష ముండా కుటుంబానికి చెందినది. తెలుగుకు గాని, ఒడియాకు గాని దానితో జ్ఞాతిత్వం లేదు. సవర మాటల్లో గొంతు దగ్గర నొక్కిపట్టినట్లు ఆగిపోయే ధ్వనులు కొన్ని ఉన్నాయి. వాటికి తెలుగు వర్ణమాలలో అక్షరాలు లేవు. వారి లెక్కింపు కూడ విచిత్రమైనది. పదమూడును పన్నెండూ ఒకటి అనీ, పద్నాలుగును పన్నెండూ రెండు అనీ చెప్పుకొంటారు. ముప్పై తొమ్మిది వారి నోట ఇరవై, పన్నెండు, ఏడు అవుతుంది. ఇంట్లో అమ్మానాన్నల దగ్గర ఇట్టి లెక్క నేర్చిన పిల్లవానిని తీసుకొని వచ్చి తెలుగు ఎక్కాల ముందు కూర్చోబెడితే వాడు తెల్లబోక ఏమి చేస్తాడు?

ఆనాటి వీధిబడుల తీరు తెలిసినదే. పిల్లవాడు ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దేవాడు. పెద్దబాలశిక్ష, శతక పద్యాలు, అమరకోశం వరుసగా వల్లెవేసేవాడు. అర్థం తరువాత ఎప్పుడో తెలిసేది, కొందరికి ఎన్నడూ తెలిసేది కాదు. తెలుగు పిల్లవానికే ఇది బరువైన చదువు. సవర పిల్లవానికి ఆ బరువు రెట్టింపు. వాడు అక్షరంతో పాటు ఆ అక్షరం పలికే భాషను కూడ ఒక్కసారే నేర్చుకోవాలి. బడి మానినవాడు మందబుద్ధి అన్న పేరు మోయవలసి వచ్చేది. ఆ పేరు అన్యాయమైనదని, తప్పు పిల్లవానిలో గాక పుస్తకంలో ఉన్నదని రామమూర్తి గ్రహించారు.

గ్రహించినంత మాత్రాన పుస్తకం పుట్టదు. ముందు భాష రావాలి. దానికి లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక సవర యువకుణ్ణి ఆయన తన ఇంట ఉంచుకొని, అతని నోటి నుండి మాటలను ఒక్కొక్కటిగా నేర్చుకొన్నారు. ఒక సవరకు అగ్రవర్ణ గృహంలో చోటివ్వడం ఆ రోజుల్లో తేలికైన పని కాదు. సెలవులు దొరికినప్పుడు తానే కొండలెక్కి సవర పల్లెలు తిరిగేవారు. ఆ తిరుగుళ్లలో మలేరియా పట్టుకొన్నది. దానికి విరుగుడుగా వాడిన క్వినైన్ జ్వరాన్ని తగ్గించింది గాని, క్రమంగా ఆయన వినికిడిని హరించింది. చెవితో విని పట్టుకోవలసిన భాష కోసం చెవులనే పోగొట్టుకొన్నారు. ఇంతకంటె కఠినమైన మూల్యం ఒక భాషాశాస్త్రవేత్తకు మరొకటి ఉండదు. అయినా పని ఆగలేదు.

సవర మాటను ఆయన తెలుగు లిపిలో రాశారు. మొదటి తరగతి పిల్లల కోసం వాచకాలు, వాటి వెంట సవర కథల పుస్తకాలు, పాటల పుస్తకాలు, తెలుగు-సవర, సవర-తెలుగు నిఘంటువులు తయారుచేశారు. ఈ క్రమాన్ని కొంత నిదానించి చూడాలి. నిఘంటువుతో తృప్తిపడి ఉంటే పండితలోకం ఎంతో సంతోషించేది, సవర పిల్లలకు మాత్రం ఒరిగేది లేదు. పిల్లలకు కావలసినవి కథలు, పాటలు. అవి గుడిసెలో, పొయ్యి దగ్గర, పెద్దల నోట పిల్లవాడు అప్పటికే విన్నవి. తెలిసిన పాట అచ్చులో కనబడినప్పుడు పిల్లవాడు తరువాతి మాటను ముందే ఊహిస్తాడు. ఆ ఊహను కన్ను అక్షరంతో సరిచూసుకొంటుంది. చదవడం అనే విద్య ఈ సరిచూసుకోవడంలోనే పట్టుబడుతుంది. మరొక లాభం కూడ ఉంది. పిల్లవాడు ఇంటికి వెళ్లి పాఠం చదివితే, అక్షరం ముక్క రాని తల్లి సైతం విని ఆనందించగలదు, తప్పు పోతే దిద్దగలదు. పరాయి భాషా పుస్తకం ఆ తల్లిని గుమ్మం బయటనే నిలబెడుతుంది.

పుస్తకాలు సిద్ధమైన తరువాత బడులు కావాలి, చెప్పేవారు కావాలి. రామమూర్తి సొంత డబ్బుతో సవరలకు పాఠశాలలు తెరచి, ఉపాధ్యాయుల జీతాలు తానే చెల్లించారు. ఒక సంస్థాన పాఠశాలలోని పంతులుగారి రాబడి ఎంతటిదో ఊహించుకోవచ్చు. ఈ కృషిని గుర్తించి మద్రాసు ప్రభుత్వం 1913లో ఆయనకు రావు సాహెబ్ బిరుదును ఇచ్చింది. సవర భాషా వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు కోశం 1938లో ప్రభుత్వం పక్షాన అచ్చయినాయి. ఆయన వయస్సు అప్పటికి డెబ్బై దాటింది.

తెలుగు విషయంలో ఆయన పోరాటం 1907 ప్రాంతంలో మొదలైంది. ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు, ప్రజలు మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత దూరమెందుకని ఉపాధ్యాయులను ప్రశ్నించారు. సవర బడిలో చూసిన దృశ్యమే తెలుగు బడిలోనూ ఉన్నదని రామమూర్తి గుర్తించడానికి ఎంతోసేపు పట్టలేదు. నందిగామ, కీసర, జగ్గయ్యపేట వంటి నాటి కృష్ణా జిల్లా మెట్ట గ్రామాల పిల్లవాడైనా, వంశధార ఒడ్డు పిల్లవాడైనా, ఇంట్లో మాట్లాడే మాటను గుమ్మం దగ్గర విడిచి, ఎవరూ మాట్లాడని భాషలో బడిపాఠం చదవవలసి వచ్చేది. సవర పిల్లవానిది పూర్తిగా వేరు భాష. తెలుగు పిల్లవానిది తన భాషే అయినా, శతాబ్దాల నాటి రూపం. దూరంలో తేడా ఉన్నదే గాని అవస్థ ఒక్కటే.

ఈ వాదానికి గురజాడ తోడు నిలిచారు. స్కూలు ఫైనలు వ్యాసరచనలో ఆధునిక భాషకు 1912-13 ప్రాంతంలో అనుమతి లభించింది. జయంతి రామయ్య పంతులు మొదలైన వారి ప్రతిఘటనతో కొద్ది సంవత్సరాలకే అది రద్దయింది. 1915లో గురజాడ మరణించారు. 1919లో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడగా, కందుకూరి వీరేశలింగం అధ్యక్షులుగా, రామమూర్తి కార్యదర్శిగా ఉన్నారు. ఆ ఏడే వీరేశలింగమూ కన్నుమూశారు. రామమూర్తి అదే సంవత్సరం ‘తెలుగు’ అనే పత్రికను నడిపారు. ఊరూరా తిరిగి, ప్రాచీన కావ్యాల నుండి ప్రయోగాలు ఎత్తిచూపుతూ ఉపన్యసించారు. ప్రతివాదులు చెప్పేది ఆయనకు సరిగా వినబడేది కాదు. ఆయన చెప్పేది మాత్రం వారు వినక తప్పేది కాదు. పాఠ్యపుస్తకాలు శిష్టవ్యావహారికంలోకి రావడం ఆయన జీవితకాలంలో జరగలేదు. ఈ పాఠం రాసిన భాష కూడ ఆ పోరాటఫలమే.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులో చేరింది. తెలుగువారు అధికంగా ఉన్న ఆ పట్టణాన్ని విడదీయడాన్ని తీవ్రంగా వ్యతిరేకించిన రామమూర్తి, అర్ధశతాబ్దానికి పైగా నివసించిన ఊరును విడిచి రాజమహేంద్రవరం చేరారు. ఆయన నడయాడిన సవర కొండలను కొత్త సరిహద్దు రెండుగా చీల్చింది. అదే ఏడు మంగై గొమాంగో అనే సవర విద్యావంతుడు తమ భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే ప్రత్యేక లిపిని రూపొందించారు. పరాయి లిపి కంటె సొంత లిపి మేలన్న ఆ ఆలోచన రామమూర్తి మార్గానికి భిన్నమైనదే అయినా, సవర మాట కాగితం మీదికి రావాలన్న కోరిక ఇద్దరిదీ.

1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం రామమూర్తిని కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. 1940 జనవరి 22న ఆయన పరమపదించారు. కుమారుడు గిడుగు వేంకట సీతాపతి తండ్రి సవర భాషా పరిశోధనను కొనసాగించడమే గాక, తెలుగు పిల్లల కోసం గేయాలు, కథలు రచించారు. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక విద్యను ప్రారంభించినప్పుడు, ఆ ఎనిమిదింటిలో సవర ఒకటి. శ్రీకాకుళం జిల్లా సవర గూడేల్లో ఒకటో తరగతి పిల్లలకు అందిన ఆ వాచకాలు తెలుగు లిపిలో, సవర మాటల్లో ఉన్నాయి.