గవర్నర్ పేరు మీద పుట్టిన బల్లి

ఎల్బ్రిడ్జ్ గెర్రీ పేరు మనోళ్లకు పెద్దగ తెల్వది. అమెరికాల మాత్రం ఆయన పేరు తలవకుండ ఎలక్షన్లు పోవు. తలిచేది మంచి పనికి కాదు, ఒక మ్యాపుకు. గీ మనిషి కథ చదివినప్పుడల్లా నాకు పాపమనిపిస్తది, కోపం సుత వస్తది.

1744ల మాసాచుసెట్స్‌ల మార్బుల్‌హెడ్ అనే చేపల రేవుల పుట్టిండు. తండ్రి ఎండు చేపలు ఓడలకెక్కించి అమ్మే వ్యాపారి. 1776ల స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిండు. 1787ల రాజ్యాంగం రాస్తే, జనం హక్కులకు అండ్ల గ్యారంటీ లేదని సంతకం పెట్టనన్నడు. ఆఖరు దాకా కూసొని కాదన్నోళ్లు ముగ్గురే, అండ్ల ఈయనొకడు.

గసొంటి మనిషి గవర్నరైనంక, 1812 ఫిబ్రవరిల ఒక బిల్లు మీద సంతకం పెట్టిండు. రాష్ట్ర సెనేట్ సీట్ల హద్దులు తన పార్టీకి కలిసొచ్చేటట్టు గీసిన బిల్లు అది. ఎదుటి పార్టీ ఓట్లను కొన్ని సీట్లల్ల కుక్కుడు, మిగతా జాగల చెదరగొట్టుడు. ఎసెక్స్ కౌంటీల ఒక నియోజకవర్గమైతే వంకర తిరిగి ఎటో సాగింది. ఆయనకు ఆ బిల్లు నచ్చలేదంటరు. నచ్చనప్పుడు సంతకమెందుకు పెట్టినట్టు? 1787ల కాదన్న చెయ్యే కదా!

మార్చి 26న బోస్టన్ గెజెట్‌ల ఆ నియోజకవర్గం బొమ్మ అచ్చయింది. హద్దు గీత అసలుదే. దానికి రెక్కలు, గోర్లు, కోరలున్న తలకాయ తగిలించిండ్రు. బల్లి తీరుగ ఉండే జీవిని అక్కడ సాలమాండర్ అంటరు. అండ్ల గవర్నర్ పేరు కలిపి గెర్రీమాండర్ అన్నరు. ఆయన పుట్టిన మార్బుల్‌హెడ్ సుత ఆ జంతువు ఒంట్లనే ఉన్నది. పత్రిక ఎదుటి పార్టీ దిక్కుది, కాబట్టి అది ప్రచారమే, న్యాయం కోసం గీసిందేం కాదు. అయినా పది వ్యాసాలు రాసినా ఎక్కని ముచ్చట చదువురానోనికి సుత ఒక్క చూపుల ఎక్కుతది.

ఏప్రిల్‌ల గెర్రీ గవర్నర్‌గ ఓడిండు. సెనేట్‌ల మాత్రం గీత పనిచేసింది. ఆయన పార్టీకి 50 వేల పైచిలుకు ఓట్లు, 29 సీట్లు. అవతలోళ్లకు 51 వేల పైచిలుకు ఓట్లు, 11 సీట్లు.

1813ల వైస్ ప్రెసిడెంట్ అయిండు, 1814 నవంబర్‌ల ఆ పదవిల ఉండంగనే పోయిండు. ఇప్పుడందరు జెర్రీమాండరింగ్ అనే పలుకుతరు. పాపం, పేరు సుత సక్కగ మిగల్లే.

మనం ఇంక 2008ల గీసిన హద్దులల్లనే ఓట్లేస్తున్నం. మల్ల గీసే ముచ్చట నడుస్తున్నది. కొత్త మ్యాపు వచ్చిననాడు తమ్మీ, మన మండలం ఎటువడ్డదో సూసి ఊకోకు. మొత్తం నియోజకవర్గం బొమ్మ ఫోన్ల పెద్దగ జేసి సూడు. పక్క ఊరును ఇడిచి యాడనో ఉన్న మండలాన్ని కలిపితే, ఎందుకు కలిపిండ్రో అడుగు.