ఒంగోలు కొండయు క్లౌ దొరగారును

రైలుమార్గములు విరివిగా లేని దినములలో, కాకినాడలో పడవ యెక్కినవాడు సముద్రముమీదికి పోకుండగనే పుదుచ్చేరి చేరువవఱకు పోగలిగెడివాడు. గోదావరి కాలువలు, ఏలూరు కాలువ, కృష్ణ దాటిన పిమ్మట కొమ్మమూరు కాలువ, పెదగంజామునుండి బకింగుహాము కాలువ - ఇవి గొలుసుకడియములవలె ఒకదానికొకటి తగులుకొని యుండెను. పుదుచ్చేరి పాలనలో నుండి గోదావరి యొడ్డున తెలుగు చదువుకొను యానాము పిల్లలకు ఈ దారి ముచ్చట గొలుపకపోదు. మన యూరి చేరువనుండి మన రాజధాని చేరువకు పోయిన నీటిదారి యిది. 2008లో ప్రభుత్వమువారు దీనిని నాలుగవ జాతీయ జలమార్గముగ ప్రకటించిరి.

ఆ బకింగుహాము కాలువలో ఒంగోలు ప్రాంతమున మూడున్నర మైళ్ళ భాగమును త్రవ్వించినవాడు ఇంజనీరు కాడు, ఒక పాదిరి. ఆయనయే జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు. ఆయన చరిత్ర ఆయన ఇంకను చూడని యొక కొండమీద, ఆయన యెఱుగని మనుష్యులతో ప్రారంభమగుచున్నది. కనుక ముందుగా మనము ఆ కొండ యెక్కవలెను.

అమెరికా బాప్టిస్టు మిషనువారు 1840లో నెల్లూరున స్థిరపడిరి. పదుమూడేండ్లు గడచినను చేరినవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినంత మందియే. 1853లో అమెరికాలోని ఆల్బనీ నగరమున జరిగిన మిషను సభలో నెల్లూరిని విడిచిపెట్టుదమా యను చర్చ వచ్చెను. పటముమీద ఒంటరి చుక్కవలె కనబడు ఆ చోటినిగూర్చి శామ్యూల్ స్మిత్ అను కవి ఒక గీతము వ్రాయగా సభ్యుల మనస్సులు మెత్తబడినవి. మిషను నిలిచినది. ఈ సంగతులు జరుగుచున్న కాలమున నెల్లూరినుండి లైమన్ జూయెట్టు దొర పల్లెలు తిరుగుచు ఒంగోలు చేరెను. వెంట ఆయన భార్యయు, క్రిస్టియన్ నరసు, జూలియా, రూతు అను ముగ్గురు తెలుగు క్రైస్తవులును ఉండిరి.

1854 జనవరి 1వ తేదీ. తెల్లవారకముందే ఈ ఐదుగురును ఊరి ప్రక్కనున్న కొండ యెక్కిరి. హిమాలయములు చూచినవారు దీనిని కొండ యనుటకే నవ్వవచ్చును. కాని కనుచూపుమేర చదునుగా నుండు గోదావరి డెల్టాలో పుట్టిన మనకు అదియే గొప్ప పర్వతము. పైకి చేరి పాట పాడిరి. శుభవార్త తెచ్చువారి పాదములు పర్వతములమీద ఎంత సుందరములో చెప్పు యెషయా గ్రంథభాగమును చదివిరి. ఒకరి తరువాత ఒకరుగా ఐదుగురును ప్రార్థించిరి. వారు కోరినది ఒక్కటే: ఒంగోలునకు ఒక బోధకుడు రావలెనని. సూర్యోదయమైనది. క్రింద నాగజెముడు దట్టముగా నిండిన మెట్టస్థలము నొకదానిని చూపి, మన బంగళాకు అది తగియుండదా యని జూయెట్టు జూలియాను అడిగెను. ఇల్లు కట్టుటకు చేతిలో రొక్కము లేదు, ఉండుటకు మనిషి లేడు. మిషనే ఉండునో ఊడునో తెలియని కాలమున అడిగిన ప్రశ్న యిది.

ఆ ప్రార్థనకు ఫలముగా వచ్చినవాడని తరువాత వారు తలంచిన మనిషి ఆనాటికి అమెరికాలో పదునేడేండ్ల కుఱ్ఱవాడు. క్లౌ 1836 జూలై 16వ తేదీన న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. యౌవనమున మిన్నెసోటా ప్రాంతపు అడవులలో సర్వే పనివారితో తిరిగి, గొలుసు పట్టుట, నేల కొలుచుట, మట్టము చూచుట నేర్చెను. మతబోధకునకు ఈ విద్య యేల యని అప్పుడెవరైన అడిగియుండిన ఆయనయు బదులు చెప్పలేకపోయి యుండును.

1862లో మిషనును మూయుమాట మరల వచ్చెను. అప్పుడు జబ్బుపడి స్వదేశము చేరియున్న జూయెట్టు, మీరు పంపినను పంపకున్నను నేను తెలుగువారి మధ్యనే బ్రదికి అక్కడనే చత్తునని పట్టుబట్టెను. ఈ ముసలివాడు పోయి అక్కడ చనిపోయిన పాతిపెట్టుటకైన మఱియొకడు వెంట నుండవలెను గదా యని మిషను పెద్దలు అనుకొన్నారట! ఆ మఱియొకడే క్లౌ. 1864 నవంబరున బాస్టనులో ఓడ యెక్కి 1865 ఏప్రిలులో ఇరువురును నెల్లూరు చేరిరి. 1866 సెప్టెంబరు 17వ తేదీన క్లౌ దంపతులు ఒంగోలున కాపురము పెట్టిరి. జూయెట్టు కొండమీదనుండి చూపిన నాగజెముడు మెట్టయే వారి నివాసమైనది. 1867 జనవరి 1న, అనగా కొండ యెక్కిన దినమునకు సరిగా పదుమూడేండ్లకు, ఎనిమిదిమందితో ఒంగోలు సంఘము ఏర్పడెను.

ఇచట మన గోదావరి సీమ ప్రసక్తియు కలదు. తాళ్ళకొండపాడు వాస్తవ్యుడు ఎఱ్ఱగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ళ వర్తకుడు. యోగమార్గము బోధించు గురువులను ఆశ్రయించి సత్యమును వెదకినవాడు. తోళ్ళు కొనుటకై ఉత్తరదిక్కునకు వచ్చినపుడు పాలకొల్లులో బౌడెను దొర మాటలును, ఏలూరులో అలెగ్జాండరు దొర మాటలును వినెను. తిరిగి పోయి తన వారికి తెలిపెను. 1867 జనవరిలో క్లౌ ఆ గ్రామమునకు పోవునప్పటికి ప్రజలు సిద్ధముగా కాచుకొని యుండిరి. 28 మంది బాప్తిస్మము పొందిరి. వారి నడుమ విత్తనము చల్లినవాడు దొర కాడు, పేరయ్యయే.

దీనితో ఒంగోలున చిక్కు వచ్చిపడెను. క్లౌ బడిలో అగ్రవర్ణముల పిల్లలు చదువుచుండిరి. వారి పెద్దలు ఆయనయెడ స్నేహముగా నుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో తాము రాజాలమనిరి. దొర ఒక గదిలోను, దొరసానిగారు మఱియొక గదిలోను, ఒకరి సంగతి ఒకరెఱుగక బైబిలు తెఱవగా ఇరువురకును ఒకే భాగము కనబడెనట: లోకము హీనముగా చూచువారినే దేవుడు ఏర్పరచుకొనెనని పౌలు కొరింథీయులకు వ్రాసిన భాగము. దీనిని దైవసంకల్పమనుటయో కాకతాళీయమనుటయో చదువరుల యిష్టము. ఏమైనను క్లౌ దంపతులు పేదలను త్రోసివేయలేదు. అగ్రవర్ణముల బాలురు బడి విడిచిపోయిరి.

పిదప 1876లో మహాక్షామము వచ్చెను. కాటన్ దొరగారి ఆనకట్టవలన గోదావరి డెల్టాకు అంత బాధ కలుగలేదు గాని, ఒంగోలు మెట్ట సీమలో జనము ఆకులలములు తిని మలమల మాడిరి. ప్రభుత్వమువారు కరవు పనిగా బకింగుహాము కాలువ త్రవ్వించుచుండిరి. ఇతరుల పనిలో మాదిగలను కసరి కొట్టుచుండుటచే వారు అక్కడికి పోవ జంకుచుండిరి. అప్పుడు క్లౌ మూడున్నర మైళ్ళ పనిని తానే కంట్రాక్టు తీసికొనెను. మిన్నెసోటాలో నేర్చిన కొలతవిద్య ఇక్కడ అక్కఱకు వచ్చెను. తన బోధకులనే మేస్త్రీలుగా నియమించెను. వేలకొలది జనము త్రవ్విరి, కూలి పుచ్చుకొని బ్రదికిరి. విశ్రాంతివేళ బోధకులు వారి ప్రక్కన కూర్చుండి కష్టసుఖములు మాటలాడెడివారు.

మాకు ఈ జీవితమున అన్నిటికన్న పెద్దదిగా తోచు ఘట్టము ఇదియే. తమ్ము చేర్చుకొనుమని జనము గుంపులుగా వచ్చి అడుగసాగిరి. దొర ఒప్పలేదు. అన్నము పెట్టు చేతితో మతము ఇచ్చినచో ఏది దేనికొఱకు పుచ్చుకొన్నారో ఎవరు చెప్పగలరు? ఒక మిషనరీకి తన జీవితమంతయు ఎదురుచూచిన దినము వచ్చి తలుపు తట్టగా, తలుపు తీయకుండుట తేలిక కాదు. పదునైదు నెలలు ఒక్కరికిని బాప్తిస్మము ఈయలేదు. సహాయద్రవ్యము పంచుట ముగిసిన తరువాత, ఇక నాయొద్ద పంచుటకేమియు లేదని తెలియజెప్పెను. అయినను జనము తగ్గలేదు. తమకు ఇప్పుడు దొర సొమ్ము అక్కఱ లేదనియు, కరవులో చచ్చినవారు చావగా మిగిలినవారము వచ్చితిమనియు మొఱపెట్టుకొనిరి. అప్పుడాయన లొంగెను.

గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది నదిలో బాప్తిస్మము పొందిరి. మూడు దినములకు మొత్తము 3,536. ఆ నడిమి దినమున నీటిలో దిగినవారు తెలుగు బోధకులు ఆరుగురు; ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకొనిరి. క్లౌ ఒక్కరికిని స్వయముగా ఈయలేదు. ఒడ్డున నిలిచి జనమును నడిపించెను. అంతమంది కూలికొఱకు మతము పుచ్చుకొనిరని ఆనాడే కొందఱు నిందించిరి, నేటికిని చరిత్రకారులు వాదించుచున్నారు. ఆ సందేహమును అందఱికంటె ముందుగా పడినవాడు క్లౌయే యని మా యభిప్రాయము. పదునైదు నెలలు అందుకు సాక్షి.

తరువాతి ముప్పదియేండ్లు బడులు, ఉన్నతపాఠశాల, పల్లెల పంచాయతులు, వ్యాజ్యములు, ప్రయాణములతో గడచిపోయెను. జూయెట్టు తెలుగు బైబిలు సంస్కరణకు పాటుపడి 1897లో అమెరికాలో కన్నుమూసెను. క్లౌ మొదటి భార్య హారియెట్ 1893లో చనిపోయిన మరుసటియేట ఆయన ఎమ్మా రాషెన్‌బుష్ అను విదుషిని వివాహమాడెను. ముదిమిలో జబ్బుతో స్వదేశము చేరి, 1910 నవంబరు 24వ తేదీన రోచెస్టరు నగరమున మరణించెను. ఆయన చెప్పగా ఎమ్మాగారు వ్రాసిన ఆత్మచరిత్ర 1914లో అచ్చయ్యెను. ఒంగోలున ఆయన పేర క్లౌపేట యను పేట కలదు.