హైదరాలీయు, దాచబడిన వార్తయు

యెహోషువ యెరికోకు పంపిన ఇద్దరు వేగులవారిని మన ఆదివారపు బడి పిల్లలు సహితము ఎరుగుదురు. అట్టి సంగతియే మన చిత్తూరు సీమలో ఒకటి జరిగెను. దానిని ఎరిగినవారు తక్కువ. మైసూరును ఏలిన హైదరాలీ 1782 డిసెంబరు 7వ తేదీన చిత్తూరునకు సమీపమందలి నరసింగరాయనిపేట యొద్ద తన దండులోనే మరణించెను. ఆ వార్తను దాచిన విధము చెప్పుటకు ముందు ఆయనను గూర్చి కొంత చెప్పవలెను.

హైదరాలీ సుమారు 1720లో కోలారు సీమలోని బూదికోటలో పుట్టెను. చిన్న సైనికోద్యోగముతో మొదలుపెట్టి 1761 నాటికి మైసూరు ప్రభుత్వమును చేజిక్కించుకొనెను. చదువను వ్రాయను రాదు. అయినను వచ్చిన జాబు చదివించుకొని వెంటనే ప్రత్యుత్తరము చెప్పెడివాడు. వ్రాసినదానిని మరియొకనిచేత చదివించి వినెడివాడు. మొదటివాడు ఒక్క మాట మార్చినట్లు తేలినయెడల వాని తల దక్కదు.

ఈ సంగతి కన్నులార చూచి వ్రాసినవారు తంజావూరులో సేవచేసిన జర్మను మిషనెరీ ష్వార్ట్సు అయ్యగారు. 1769లో కంపెనీవారు ఆపదలో సహాయము చేతుమని హైదరుతో ఒడంబడిక చేసికొనిరి గాని మహారాష్ట్రులు ఆయన మీదికి వచ్చినప్పుడు కదలలేదు. 1779లో మాహేను కూడ పట్టుకొనిరి. అప్పుడు హైదరు మనస్సులో ఏమున్నదో తెలిసికొనుటకై చెన్నపట్టణపు గవర్నరు రంబోల్డు ఈ అయ్యగారిని రహస్యముగా శ్రీరంగపట్టణమునకు పంపెను. యుద్ధము ఆగునేమోయను ఆశతో ఆయన వెళ్లెను. ఈ భాగము చదివినప్పుడెల్ల నా మనస్సు కలవరపడును. వెళ్లినవాడు సమాధానము కోరి వెళ్లెను; పంపినవారికి కావలసినది సమాచారము. బోధకుని అంగీ క్రింద వేగులవాని పని పెట్టుట న్యాయమా? హైదరు మాత్రము ఆయనను చేరదీసి దాపరికము లేక మాటలాడి, కంపెనీవారి మీద తన ఫిర్యాదులను తెలియజేసెను. దారిఖర్చులకని ఇచ్చిన 300 రూపాయలను అయ్యగారు తమకు ఉంచుకొనక కంపెనీవారికి అప్పగించిరి. తరువాత ఆ సొమ్ము తంజావూరులో అనాథ పిల్లల బడికి మూలధనమాయెను. యుద్ధము వచ్చిన తరువాత సహితము ఈ బోధకుని ఎవరును అడ్డగింపరాదని హైదరు తన సేనాధికారులకు ఆజ్ఞ ఇచ్చెను.

ఆ ఫిర్యాదులను చెన్నపట్టణమువారు లక్ష్యపెట్టలేదు. 1780 జూలైలో హైదరు మహాసైన్యముతో కనుమలు దిగెను. కాలుచున్న గ్రామముల పొగ పరంగిమల మీదనుండి కనబడువరకు వారు సరిగా మేల్కొనలేదు. సెప్టెంబరులో పొల్లిలూరు యొద్ద బెయిలీ సైన్యము నాశనమాయెను.

రెండేండ్ల తరువాత హైదరు వీపున రాచపుండు లేచెను. ఆయన ప్రాణము విడిచినప్పుడు కుమారుడు టిప్పు దూరమున మలబారులో ఉండెను. పూర్ణయ్య, కృష్ణారావు అను ఇద్దరు మంత్రులు నోరు మెదపలేదు. సుగంధ ద్రవ్యములతో నింపిన పెట్టెలో దేహమును ఉంచి, ఖజానా సొమ్మువలె కావలివారితో పంపివేసిరి. డేరాలో మాత్రము ప్రభువు జబ్బుగానున్నాడన్నట్లు పనులు జరుగుచునే యుండెను. మన పల్లెలో ఇద్దరికి తెలిసిన మాట పొద్దుగూకకమునుపే చెరువుగట్టుకు చేరును. వేలాదిమంది దండులో వారెట్లు ఆపిరో! హైదరు బంధువగు మహమ్మద్ అమీను టిప్పుకు బదులు ఆయన తమ్ముని నిలుపుటకు కుట్రపన్నగా, దానిని పసిగట్టి కుట్రదారులను బంధించిరి.

అయినను వార్త చెన్నపట్టణము చేరకపోలేదు. వెంటనే దండెత్తుమని గవర్నరు మెకార్ట్నీ తొందరపెట్టెను. సేనాపతి స్టూవర్టు ఆ మాట నమ్మక కదలలేదు. ఇంతలో మలబారునుండి బయలుదేరిన టిప్పు వచ్చి తండ్రి సైన్యమును కలిసికొనెను.