అగాథా క్రిస్టీ

అపరాధ పరిశోధక నవలా రచయిత్రి అగాథా క్రిస్టీ 1890వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ఇంగ్లండులోని టార్కీ పట్టణమున జన్మించెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఆసుపత్రిలో క్షతగాత్రులకు పరిచర్య చేసి, పిమ్మట మందులు కలుపుచు విషముల స్వభావమును గ్రహించెను. ఆమె తొలి నవలను పలువురు ప్రకాశకులు త్రిప్పి పంపిరి. తుదకది 1920లో వెలువడెను.

1926లో తల్లి గతించెను. భర్త విడిపోవ నిశ్చయించెను. పసికూతురు గల ఆమెకు కలమే జీవనాధారమయ్యెను. మనస్సు సహకరింపకున్నను ఆమె వ్రాయుట మానలేదు.

1930లో మిస్ మార్పుల్ అను వృద్ధ కన్య ఆమె నవలలో ప్రవేశించెను. ఈ వృద్ధకు అధికారము లేదు, ఆయుధము లేదు. అల్లికపని చేసికొనుచు, తన గ్రామస్థుల నడవడితో పోల్చి చూచి దోషిని కనుగొనును.

ఆ యేడే పురావస్తు శాస్త్రజ్ఞుడగు మాక్స్ మలోవన్‌ను వివాహమాడి, ఇరాకు, సిరియా దేశముల త్రవ్వకములలో తోడ్పడెను. ప్రాచీన ఈజిప్టులోని ఒక గృహమున జరిగిన హత్యలను గూర్చి ఆమె వ్రాసిన నవల 1944లో వెలువడెను. అందు రెనిసెంబ్ అను యువతియే ప్రధాన పాత్ర. 1947లో ఆమె బి.బి.సి.కి వ్రాసిన రేడియో నాటికయే 1952లో రంగస్థల నాటకమయ్యెను.

1976 జనవరి 12న ఆమె దివంగతురాలయ్యెను. నేడు ఆమె నవలలను చదువువారేకాక, ధ్వనిముద్రణలలో విని ఆనందించువారును కలరు. విద్యార్థులారా! కష్టకాలమున చేతి పనిని విడువకుండుట ఈమె జీవితమునుండి మనము నేర్వదగినది.