తరిగొండ వెంగమాంబ: బొట్టు చెరపనన్న అమ్మాయి

తిరుమల వెళ్తే దర్శనం అయ్యాక మనం అన్నప్రసాదం తింటాం కదా, ఆ పెద్ద భవనం మీద మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అని రాసి ఉంటుంది. ఆకలి మీద లోపలికి పరిగెత్తే హడావిడిలో ఆ పేరు ఎవరిదో మనలో చాలామంది పట్టించుకోం. ఈరోజు ఆవిడ గురించే.

వెంగమాంబ 1730లో పుట్టారు. ఊరు పాత చిత్తూరు జిల్లాలో, మదనపల్లెకి దగ్గర్లో ఉన్న తరిగొండ. నాన్న కృష్ణయ్య, అమ్మ మంగమ్మ. ఊళ్లో లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. చిన్నప్పటి నుంచీ ఆ పిల్ల ధ్యాసంతా ఆ స్వామి మీద, ఏడుకొండలవాడి మీదే. ఇంట్లోవాళ్లకి భయం వేసి, అప్పటి ఆచారం ప్రకారం పసితనంలోనే పెళ్లి చేశారు. పెళ్లికొడుకు పేరు కూడా వెంకటాచలపతే! కొద్దికాలానికే ఆ అబ్బాయి చనిపోయాడు.

ఇక్కడ ఒక్కసారి ఆగి ఆలోచించండి. ఆ రోజుల్లో అలాంటి ఇంట్లో భర్త పోతే ఆడపిల్లకి గుండు చేయించేవారు. బొట్టు, గాజులు, పూలు ఏవీ ఉండకూడదు. వయసెంత అని ఎవరూ అడగరు. ఆ పిల్ల మాత్రం ఒప్పుకోలేదు. నా భర్త వేంకటేశ్వరుడు, ఆయనకి చావు లేదు, మరి నేను విధవని ఎలా అవుతాను అని నిలదీసింది. ఊరంతా ఒకవైపు, ఈ అమ్మాయి ఒక్కతీ ఒకవైపు. మనం ఆఫీసులో మేనేజర్‌కి ఒక్కసారి నో చెప్పడానికే వారం రోజులు ప్రిపేర్ అవుతాం!

గొడవ పుష్పగిరి పీఠాధిపతి దాకా వెళ్లిందని చెప్పుకుంటారు. తనకి నమస్కరించమని ఆయన అడిగితే, మీరు ఆసనం దిగితే పెడతానందట. ఆయన దిగాక ఆమె దండం పెట్టగానే ఆ ఖాళీ ఆసనం మండిపోయిందట. ఇది భక్తులు చెప్పుకునే కథ. నాకైతే మంటల కన్నా, అంతమందిలో ఆ మాట అనగలగడమే పెద్ద మహిమ అనిపిస్తుంది.

నాన్నగారు మాత్రం కూతురిని పూర్తిగా వదిలేయలేదు. మదనపల్లెలో సుబ్రహ్మణ్య దేశికుల దగ్గర చేర్చారు, ఆయనే ఆమె గురువు. చిన్నప్పుడు ఓనమాలైనా ఎవరి దగ్గరా నేర్చుకోలేదని తర్వాత ఆమే రాసుకున్నారు. అలాంటావిడ తరిగొండ నృసింహ శతకం, ద్విపద భాగవతం, వేంకటాచల మాహాత్మ్యం, యక్షగానాలు రాశారు.

ఊళ్లో మాటలు ఆగలేదు. గుడిలో ఆంజనేయస్వామి విగ్రహం వెనక ధ్యానంలో కూర్చుంటే పూజారి బయటికి ఈడ్చేశాడని అంటారు. ఆమె తరిగొండ వదిలి తిరుమల చేరారు. అక్కడా అందరూ హారతిచ్చి పిలవలేదు. కొన్నేళ్లు తుంబురుకోనలో ఒంటరిగా తపస్సు చేశారు. తుంబురు తీర్థం ట్రెక్ చేసినవాళ్లకి తెలుసు, ఆ అడవి ఎలా ఉంటుందో. ఇప్పటికీ ఏటా ఫాల్గుణ పౌర్ణమికే జనం అటు వెళ్తారు.

తిరిగొచ్చాక తిరుమలలోనే ఉండిపోయారు. నృసింహ జయంతికి కొండకొచ్చిన భక్తులకి అన్నం పెట్టించేవారు. ఆ భవనానికి ఆమె పేరు ఊరికే పెట్టలేదన్నమాట. 1817లో అక్కడే కన్నుమూశారు, సమాధి కూడా కొండమీదే ఉంది.

రాత్రి ఏకాంతసేవలో తాళ్లపాక వారి తరఫున అన్నమయ్య లాలి పాడతారు. ఆ తర్వాత పళ్లెంలో ముత్యాలతో స్వామికి హారతి ఇస్తారు. దాని పేరు ముత్యాల హారతి, అది వెంగమాంబ పేరున ఇచ్చేది. అదయ్యాకే తలుపులు మూస్తారు.