పల్లెపాట నడక తెలిపిన ఉపాధ్యాయుడు

బల్గేరియా పల్లెల్లో పలు పాటలు ఐదు, ఏడు, తొమ్మిది మాత్రల తాళంలో నడుస్తాయి. రాచెనిత్సా అనే నృత్యానిది రెండు, రెండు, మూడు మాత్రల నడక. మన మిశ్రచాపు ఎరిగినవారికి ఇందులో వింత లేదు. పాశ్చాత్య సంగీతానికి అలవాటుపడిన చెవికి మాత్రం అది తప్పటడుగుగా తోచేది. కనుక తొలినాటి సేకర్తలు కొందరు ఆ పాటలను సమతాళంలోకి దిద్ది వ్రాశారు. ఆ లయకు గల నియమాలను 1913లో దోబ్రి హ్రిస్తోవ్ వివరించాడు. దానికి వేలకొలది సాక్ష్యాలు కూర్చినవాడు వాసిల్ స్తోయిన్.

1880లో సమోకోవ్ పట్టణంలో జన్మించిన స్తోయిన్ ఉపాధ్యాయవృత్తి చేపట్టాడు. బ్రసెల్స్ నగరానికి వెళ్ళి సంగీతం అభ్యసించాడు. స్వదేశానికి తిరిగివచ్చి పల్లెపాటల సేకరణకే అంకితమయ్యాడు. పాత తరంతోపాటే పాటలూ అంతరించిపోతాయన్నది ఆయన ఆవేదన. 1926లో సోఫియాలోని జాతిశాస్త్ర ప్రదర్శనశాలలో జానపదసంగీత విభాగం నెలకొల్పాడు. ఆయనా, సహచరులూ ఊరూరా తిరిగి, పాడుతూండగా విని, చెవినే నమ్ముకొని స్వరలిపిలో వ్రాసుకొన్నారు. 1927లో బల్గేరియా జానపద లయలపై గ్రంథం వెలువరించాడు. మరుసటి యేడు వెలువడిన సంపుటంలో తీమొక్, వీత్ నదుల నడుమ సీమలో సేకరించిన 4,076 పాటలున్నాయి.

స్తోయిన్ 1938లో మరణించాడు. ఆ యేడే హంగరీ స్వరకర్త బేలా బార్తోక్ ఈ లయలను గూర్చి వ్యాసం ప్రచురించాడు. ఇవి తెలిసిన పిమ్మట, మునుపు తాను వ్రాసిన రుమేనియా పాటల స్వరలిపిని బార్తోక్ తిరిగి పరిశీలించి సవరించుకొన్నాడు. విద్యార్థులకై ఆయన కూర్చిన పియానో పాఠమాల 'మిక్రోకాస్మోస్' బల్గేరియా లయలోని ఆరు నృత్యాలతో ముగుస్తుంది. తప్పటడుగనిపించుకొన్న ఆ పల్లెనడకను దేశదేశాల బాలబాలికలు నేడు శ్రద్ధగా సాధన చేస్తున్నారు.